ముక్కుకు గుడ్డా, ఊరికి తాళమా?

2025 డిసెంబరు మొదట్లో ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో రోజుకు సగటున 2,600 మందికి పైగా ఫ్లూతో మంచాల మీద ఉన్నారు. ఆ ఏడు ఫ్లూ తన వేళకన్నా నెల ముందే వచ్చిపడింది. హెచ్3ఎన్2 రకంలో కొత్త మార్పులు చేరిన ‘కె’ ఉపశాఖ అందుకు కారణం. పత్రికలు దానికి ‘సూపర్ ఫ్లూ’ అని పేరు పెట్టేశాయి. దగ్గుతూ తుమ్ముతూ కూడా పనికి బయల్దేరేవాళ్లు బస్సుల్లో, రైళ్లలో మాస్కు పెట్టుకోవాలని ఆస్పత్రుల సంఘం పెద్ద ఒకాయన అన్నారు. అంతే, అటకెక్కిన కోవిడ్ నాటి మాస్కుల తగాదా మళ్లీ కిందికి దిగింది. ‘మళ్లీ ఆ రోజులా?’ అని కొందరు, ‘ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?’ అని కొందరు. ప్రభుత్వం మాత్రం దేన్నీ తప్పనిసరి చేయలేదు.

చలికాలం వైరస్‌ల కోసం ఆంక్షలు తిరిగి రావాలా? ఈ ప్రశ్న వినగానే చాలామంది కళ్లముందు మూతపడిన బడులు, పోలీసు నాకాబందీలు మెదులుతాయి. కానీ ఫ్లూ అంత బలమైన శత్రువు కాదు. దాన్ని ఆపడానికి అంత సరంజామా అక్కర్లేదు. ఆ సంగతి మనకు తెలిసింది కూడా కోవిడ్ పుణ్యమానే.

2020-21 చలికాలంలో ఫ్లూ ప్రపంచమంతటా దాదాపు మాయమైంది. అమెరికాలో 2019-20 సీజన్‌లో ఫ్లూతో చనిపోయిన పిల్లలు 199 మంది అని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ లెక్కగట్టింది. మరుసటి సీజన్‌లో ఆ లెక్క ఒకటి. ఫ్లూ బి వైరస్‌లో యమగాటా అనే వంశం ఉండేది. 2020 మార్చి తర్వాత అది ఎక్కడా నిర్ధారణగా దొరకలేదు. ఇక టీకాలో దానికి చోటు అక్కర్లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే తేల్చింది. ఎవరూ గురిపెట్టకుండానే ఒక వైరస్ వంశం భూమ్మీద నుంచి తుడిచిపెట్టుకుపోయినట్టుంది.

అదే మాస్కులు, అదే దూరాలు. కోవిడ్ ఆగలేదు, ఫ్లూ ఎందుకు ఆగింది? జవాబు ఒక చిన్న అంకెలో ఉంది. ఒక రోగి సగటున ఎంతమందికి జబ్బు అంటిస్తాడో చెప్పే ఆ అంకెను శాస్త్రవేత్తలు ఆర్ అంటారు. మామూలు ఏటి ఫ్లూకు అది సుమారు 1.28. అంటే 100 మంది రోగుల నుంచి 128 మందికి, వాళ్ల నుంచి 164 మందికి పాకుతుంది. రెండు మూడు నెలల్లో ఊరంతా దగ్గడానికి అది చాలు. కానీ అదే అంకెను తిరగేసి చూడండి. 128 అంటింపుల్లో 28 ఆపగలిగితే జబ్బు పెరగదు. అంటే అయిదో వంతుకు కాస్త పైన తగ్గిస్తే చాలు, అల మొదలవుతూనే చప్పబడుతుంది. వూహాన్‌లో మొదట బయటపడ్డ కరోనా వైరస్‌కు ఆర్ రెండున్నర, మూడు దాకా ఉండేది. దాన్ని ఆపాలంటే అంటింపుల్లో అరవై శాతం పైన తెగ్గొట్టాలి. ఒమిక్రాన్ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మరీ అందనంత దూరం పోయింది. కోవిడ్ కోసం విధించిన ఆంక్షలు కోవిడ్‌కే చాలలేదు, ఫ్లూకు మాత్రం అవసరానికి మించి ఎక్కువయ్యాయి. విమానాలు ఆగడం కూడా కలిసొచ్చింది, ఎందుకంటే ఫ్లూ రకాలు ఏటా ఒక గోళార్ధం నుంచి మరో గోళార్ధానికి మనుషులతోపాటే ప్రయాణిస్తాయి.

ఈ లెక్కలోనే నా వాదన అంతా ఉంది. అయిదో వంతు తగ్గించడానికి ఊరికి తాళం వేయనక్కర్లేదు. చిన్నచిన్న కట్టుబాట్లు నాలుగు కలిస్తే సరిపోతుంది.

అసలు చలికాలంలోనే ఎందుకు? దీనికి ఆధారం గినీపందుల దగ్గర దొరికింది. 1918 ఫ్లూ మహమ్మారి రోజుల్లో అమెరికాలోని న్యూమెక్సికోలో క్యాంప్ కోడీ అనే సైనిక శిబిరం ఉండేది. అక్కడి ప్రయోగశాలలో ఉంచిన గినీపందులు కూడా చచ్చిపోయాయని 1919లో ఒక నివేదిక వచ్చింది. దాన్ని దాదాపు తొంభై ఏళ్ల తర్వాత న్యూయార్క్ శాస్త్రవేత్త పీటర్ పలీజ్ చదివారు. ఆయన, అనీస్ లోవెన్ తదితరులు కలిసి గినీపందులను పక్కపక్క బోనుల్లో పెట్టి, గది ఉష్ణోగ్రతనూ తేమనూ మార్చి చూశారు. 5 డిగ్రీల చలిలో, పొడిగాలిలో ఫ్లూ ఒకదాని నుంచి మరొకదానికి చకచకా పాకింది. 30 డిగ్రీల్లో గాలి గుండా పాకడం ఆగిపోయింది. 2007లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, గాలిలో నీటి ఆవిరి తక్కువగా ఉన్నప్పుడు వైరస్ ఎక్కువసేపు బతుకుతుందని శాస్త్రవేత్త జెఫ్రీ షామన్ లెక్కలతో చూపించారు. దీనికి తోడు చలిదేశాల్లో జనం తలుపులు బిగించుకుని ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ గడుపుతారు.

మన దగ్గరికొస్తే ఈ కథ అడ్డం తిరుగుతుంది. శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి, మార్చి మధ్య చెలరేగుతుంది, యూరప్‌లో లాగే. ఢిల్లీ, కోల్‌కతా, పుణె నగరాల్లో జులై, సెప్టెంబరు మధ్య, ముసురు పట్టిన రోజుల్లో. చెన్నై, వెల్లూరు ఈశాన్య రుతుపవనాల కోసం ఆగి అక్టోబరులో మొదలుపెడతాయి. ఉక్కపోతలో, తేమలో ఫ్లూ ఎలా పాకుతుందన్నది ఇంకా పూర్తిగా విడని ముడి. వానకు అందరూ లోపల చేరడం ఒక కారణం కావచ్చు. తెలుగు రాష్ట్రాలకు రెండు మూపురాలూ తగులుతాయి. వానాకాలంలో ఒకటి, సంక్రాంతి చుట్టుపక్కల మొదలై మార్చి దాకా సాగేది మరొకటి. 2015 మొదటి నెలల్లో హెచ్1ఎన్1 దేశాన్ని కుదిపినప్పుడు తెలంగాణ ముందువరసలోనే దెబ్బతింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 2,990 మంది చనిపోయారు. అప్పుడు గాంధీ ఆస్పత్రి ముందు మాస్కులు కట్టుకుని నిలబడ్డ జనానికి అయిదేళ్ల తర్వాత ఏం రానుందో తెలియదు. కాబట్టి లండన్ క్యాలెండరు చూసి డిసెంబరులో జాగ్రత్తలు మొదలెడితే, మనకు ఒక అల అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఆంక్షలకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. పసిపిల్లలకు ఊపిరి ఆడకుండా చేసే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ కూడా 2020లో మాయమైంది. కానీ అది యమగాటాలా పోలేదు, వాయిదా పడిందంతే. ఆంక్షలు సడలగానే ఆస్ట్రేలియాలో నడివేసవి వేళ లేచింది. అమెరికాలో 2021 వేసవిలో అకాలంగా వచ్చి, 2022 చలికాలం మొదట్లో ఫ్లూ, కోవిడ్‌లతో జతకట్టి పిల్లల ఆస్పత్రులను నింపేసింది. దీన్ని ‘రోగనిరోధక అప్పు’ అన్నారు. ఆ పేరు నాకు నచ్చదు. వాడకపోతే ఒంట్లోని రక్షణ తుప్పు పడుతుందన్నట్టు వినిపిస్తుంది, అది నిజం కాదు. జరిగింది ఏమిటంటే, ఆ వైరస్ ముఖం చూడని పిల్లలు రెండు మూడేళ్ల పాటు పోగయ్యారు, అందరికీ ఒకేసారి తగిలింది. అయినా ఆరు నెలల లోపు పసివాడికి తగలాల్సింది రెండేళ్లకు తగలడం లాభమే. పసివాడి శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి, కాస్త వాపొచ్చినా మూసుకుపోతాయి. ఇప్పుడు ఆ వాయిదాకు ఆంక్షలు కూడా అక్కర్లేదు. బిడ్డకు ఇచ్చే నిర్సెవిమాబ్ ఇంజెక్షను, గర్భిణికి వేసే టీకా వచ్చాయి. బ్రిటన్ 2024 సెప్టెంబరు నుంచి గర్భిణులకు వేస్తోంది.

మరి మాస్కు పనిచేస్తుందా? 2023 జనవరిలో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష వెలువడగానే ‘మాస్కులు దండగని తేలిపోయింది’ అని ఎగిరినవాళ్లు చాలామంది. ఆ అర్థం తప్పని, తమ సమీక్ష నుంచి తేలింది అది కాదని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ప్రకటన చేయాల్సి వచ్చింది. మాస్కు పెట్టుకోమని చెప్పడం వల్ల సమాజంలో ఎంత తేడా వస్తుందన్నది ఆ పరిశోధనల ప్రశ్న, మాస్కు వైరస్‌ను ఆపుతుందా అన్నది వేరు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన ప్రయోగం మన పొరుగునే జరిగింది. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, సుమారు 3 లక్షల 40 వేల మంది పెద్దవాళ్ల మీద. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, పెట్టుకోమని గుర్తుచేస్తూ తిరిగారు. మాస్కు వాడకం 13 శాతం నుంచి 42కు పెరిగింది. లక్షణాలతో కూడిన కోవిడ్ 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో అరవై దాటినవాళ్లలో 35 శాతం తగ్గింది. సగం మంది కూడా పెట్టుకోకుండానే, ఫ్లూకన్నా ఎంతో గడుసు వైరస్ మీద వచ్చిన ఫలితమిది. మాయాజాలం కాదు, దండగా కాదు.

ఊరికి వేసే తాళం ఖరీదు ఎంతో మనం చూశాం. మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగే పిల్లలు 2018లో దేశంలో 27.3 శాతం, బడులు తెరిచాక 2022లో 20.5 శాతం అని అసర్ సర్వే చెప్పింది. ఒమిక్రాన్ వేళ 2022 జనవరిలో తెలంగాణ సంక్రాంతి సెలవులను నెలాఖరుదాకా పొడిగించింది. ఆంధ్రప్రదేశ్ పండగ అవగానే బడులు తెరిచింది, కేసులు వచ్చిన చోట ఆ బడిని మాత్రం మూసేసింది. ఫిబ్రవరి వచ్చేసరికి రెండుచోట్లా అల తగ్గింది. పరీక్షల సంఖ్య వేరువేరు గనుక ఈ రెంటినీ తూకం వేసి శాస్త్రమని చెప్పలేను. కానీ ఏటా వచ్చే ఫ్లూ కోసం రాష్ట్రమంతా బడులు మూయమని అడిగేవారు ముందు ఆ రెండు వారాల చదువుకు లెక్క చెప్పాలి.

చిన్న తాళం ఎలా ఉంటుందో జపాన్‌ను చూడాలి. అక్కడ ఒక తరగతిలో ఫ్లూ పిల్లలు ఎక్కువైతే ఆ ఒక్క తరగతిని కొద్దిరోజులు మూస్తారు. బడి నడుస్తుంది, పక్క తరగతి నడుస్తుంది. ఫ్లూ వచ్చిన పిల్లవాడు జబ్బు మొదలైన తర్వాత అయిదు రోజులు, జ్వరం తగ్గాక రెండు రోజులు గడిచేదాకా బడికి రాకూడదన్న నియమం కోవిడ్‌కు ముందే ఉంది. ఆ రోజులు గైర్హాజరు కింద రాయరు. దీన్ని అక్కడ ఎవరూ స్వేచ్ఛ మీద దాడి అనుకోరు, బడి నియమం అనుకుంటారు. ఇంకో సంగతి, 1960ల నుంచి జపాన్ బడిపిల్లలందరికీ ఫ్లూ టీకా వేసేది. 1987లో తల్లిదండ్రులకు వద్దనే వీలిచ్చారు, 1994లో కార్యక్రమమే ఆగిపోయింది. ఆ తర్వాత వృద్ధుల చలికాలపు మరణాలు పెరిగాయి. బడిపిల్లల టీకా ఏటా 37 వేల నుంచి 49 వేల మరణాలను ఆపిందని 2001లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ అంకె మీద వాదాలున్నా, మనవడికి సూది వేస్తే తాత బతుకుతాడన్న దిశ మాత్రం సరైనదే.

గాలి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే దానికి ఎవరి మూతికీ గుడ్డ అక్కర్లేదు. 1930ల చివర్లో విలియం వెల్స్, మిల్డ్రెడ్ వెల్స్ దంపతులు అమెరికాలోని ఫిలడెల్ఫియా చుట్టుపక్కల బడుల్లో తరగతి పైభాగంలో అతినీలలోహిత దీపాలు పెట్టించారు. 1941లో తట్టు వ్యాపించినప్పుడు దీపాలున్న తరగతుల్లో అది చాలా తక్కువగా పాకింది. తర్వాత ఆ పని మూలపడింది. ఈ రోజుల్లో గాలి ఎంత నిలవపడిందో కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పెట్టె చెబుతుంది. ఆరుబయట అది 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420) చుట్టూ ఉంటుంది, మనం వదిలే ఊపిరిలో 40 వేల చుట్టూ. ఒక ఏసీ గదిలో 1,200 కనబడితే, మీరు పీల్చే గాలిలో యాభయ్యో వంతు ఎవరో వదిలిన ఊపిరే. కిటికీ తెరిస్తే పైసా ఖర్చు లేదు. ఏసీ గది అని తలుపు బిగించే మన కోచింగ్ సెంటర్లకు, రాత్రి బస్సులకు ఈ పెట్టె ఒకటి తగిలించమని నియమం పెట్టినా తప్పులేదు.

ఇక జబ్బుతో పనికి పోవడం. బ్రిటన్‌లో చట్టప్రకారం వచ్చే సిక్ పే, అంటే జబ్బు రోజుల జీతం, ఎన్నో ఏళ్లపాటు మొదటి మూడు రోజులకు వచ్చేది కాదు. ఫ్లూ ఎక్కువగా అంటేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వృద్ధాశ్రమంలో పనిచేసే ఆయా జ్వరంతోనే బస్సెక్కేది మరి, ఏం చేస్తుంది? ఆ మూడు రోజుల కోతను 2026 ఏప్రిల్ నుంచి తీసేసేలా చట్టం చేశారు. నా దృష్టిలో ఇది ఏ మాస్కు ఆదేశం కన్నా పెద్ద ఆరోగ్య చర్య. మన దగ్గర ఇళ్లలో పనిచేసేవాళ్లకు, హోటల్లో వడ్డించేవాళ్లకు, సరుకులు తెచ్చే కుర్రాళ్లకు మొదటి రోజూ లేదు, నాలుగో రోజూ లేదు.

నా తీర్పు ఇది: ఏటి ఫ్లూకు లాక్‌డౌన్ వద్దు, రాష్ట్రమంతా బడుల మూత వద్దు. ఫ్లూ చెలరేగిన వారాల్లో ఆస్పత్రుల్లో మాస్కు తప్పనిసరి కావాలి, 2024 జనవరిలో స్పెయిన్ చేసినట్టు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే రాసిపెట్టాలి. ముగింపు తేదీ లేని ఆంక్షను జనం రెండోసారి నమ్మరు. వందల మంది పిల్లలు ఒకే హాల్లో పడుకునే గురుకులాల్లో జ్వరం వచ్చిన పిల్లలకు వేరే గది ఉండాలి.

దానికన్నా ముందు, ఖర్చులేని పని ఒకటుంది. బడి వార్షికోత్సవంలో ‘నూరు శాతం హాజరు’కు బహుమతి ఇచ్చే ప్రధానోపాధ్యాయులకు నా మనవి: ఈ ఏడు ఆ బహుమతి మానేయండి. జ్వరం కాస్తున్నా పిల్లాణ్ని బడికి తోసేలా ఇంటివాళ్లను పురికొల్పేది అదే.