మాట్లాడని తీగకూ కరెంటు ఖర్చే

1973లో జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్‌కు రూపమిచ్చినప్పుడు, చెప్పడానికి ఏమీ లేని కంప్యూటరు నోరు మూసుకుని ఉండేది. ఒకే కేబుల్‌ను అందరూ పంచుకోవాలి కదా! తర్వాత వచ్చిన 10 మెగాబిట్ల జంట తీగల ఈథర్‌నెట్ కూడా, పని లేని వేళ సుమారు 16 మిల్లీసెకన్లకు ఒకసారి ‘లింకు బతికే ఉంది’ అని చిన్న పల్స్ పంపి ఊరుకునేది. ఆ మౌనం 1995లో 100 మెగాబిట్ల ప్రమాణంతో పోయింది. అవతలి రిసీవరు గడియారం తప్పకుండా ఉండాలంటే డేటా ఉన్నా లేకపోయినా సిగ్నల్ ఆగకూడదు. 1999 నాటి గిగాబిట్ దీన్ని మరీ ముదిర్చింది. నాలుగు జతల తీగల మీదా రెండు దిక్కులకూ ఒకేసారి సిగ్నల్ నడుస్తుంది, తన మాటల ప్రతిధ్వనిని తానే తుడిచేసుకునే సర్క్యూట్లు క్షణం ఆగకుండా లెక్కలు కడుతుంటాయి. పెద్ద ఫైలు దించుకుంటున్నా, యజమాని భోజనానికి వెళ్లినా నెట్‌వర్క్ కార్డు తాగే కరెంటులో పెద్ద తేడా ఉండదు. బేరం లేకపోయినా ఇంజను ఆపని ఆటో లాంటిదన్నమాట.

ఈ దుబారాకు మందు చిప్‌లోనే దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. కొంత దొరికింది కూడా. 2003లో మారుతి గుప్తా, సురేశ్ సింగ్ ఇంటర్నెట్ పరికరాల విద్యుత్ ఖర్చు మీద రాసిన పరిశోధన పత్రం చర్చను కదిలించింది. 2010లో ఆమోదం పొందిన 802.3ఏజెడ్ ఈథర్‌నెట్ ప్రమాణం, రెండు కొసలూ ఒప్పుకుంటే ప్యాకెట్ల మధ్య లింకు కునుకు తీయవచ్చని తేల్చింది. అయితే నిద్రపోగలగడం వేరు, ఎప్పుడు నిద్రపోవచ్చో తెలియడం వేరు. ఆ రెండోది తెలిసేది కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అంటే డ్రైవర్‌కే. పీసీఐ కార్డులకు ‘డీ3’ అనే గాఢనిద్ర స్థితి 1990ల చివరి నుంచే ఉంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మాత్రం చాలాకాలం కంప్యూటరు మొత్తం పడుకున్నప్పుడే దాన్ని వాడేవారు. మిగతా యంత్రం మేలుకుని ఉండగా ఒక్క పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు, రఫాయెల్ విసోత్స్కీ రాసిన కోడ్‌తో, 2009 డిసెంబరులో 2.6.32 కెర్నెల్‌లో వచ్చింది. ఆ తర్వాతే రియల్‌టెక్, ఇంటెల్ కార్డుల డ్రైవర్లు కేబుల్ ఊడిందని గమనించి, ఐదో పదో సెకన్లు చూసి, కార్డును డీ3లోకి పంపడం నేర్చాయి. కేబుల్ మళ్లీ తగిలిస్తే చిప్‌లో మేలుకుని ఉన్న చిన్న భాగం కబురు చేస్తుంది. చిప్ అదే, మారింది కోడ్ మాత్రమే.

గిగాబిట్ కార్డు తాగేది ఒక వాట్‌కు అటూఇటూ, దానికింత హంగామా దేనికని అడగవచ్చు. ఒక వాట్ ఏడాదంతా వెలిగితే 8.76 యూనిట్లు. కోటి కార్డులకు 8.76 కోట్ల యూనిట్లు. అసలు నష్టం ఈ లెక్కకు అందదు. తనను ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకును కార్డు పడుకోనివ్వకపోతే, నేటి ప్రాసెసర్లు అనేకం తమ లోతైన నిద్రస్థితులకు దిగలేవు. ఒక్క కార్డు మొండికేస్తే మొత్తం చిప్ జాగారం చేయాలి. డ్రైవర్ అలవాట్లూ ఇలాంటివే. లింకు ఉందో లేదో చూడ్డానికి కొన్ని ఇంటెల్ డ్రైవర్లు రెండు సెకన్లకోసారి టైమర్ మోగించేవి. అనవసరంగా ప్రాసెసర్‌ను లేపేవారెవరో 2007లో వచ్చిన పవర్‌టాప్ ప్రోగ్రాం బయటపెట్టాక, ఇలాంటి టైమర్లన్నీ ఒకే క్షణానికి చేరేలా సర్దడం ఊపందుకుంది.

ఆలస్యం గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది. గిగాబిట్ లింకు కునుకు నుంచి లేవడానికి సుమారు 16.5 మైక్రోసెకన్లు పడుతుంది, 1500 బైట్ల ప్యాకెట్ తీగ మీద ప్రయాణించేది 12 మైక్రోసెకన్లే. చిన్న ప్యాకెట్లు విడివిడిగా వస్తే లేవడానికీ పడుకోవడానికీ పోయే సమయమే ఎక్కువ. ప్యాకెట్లను కాసేపు పోగుచేసి గుంపుగా పంపితే ఆ ఖర్చును అవన్నీ పంచుకుంటాయి, ఆ నిర్ణయమూ మళ్లీ డ్రైవర్ చేతిలోనిదే. షేర్ల లావాదేవీలు నడిపే సర్వర్‌లో మాత్రం నిద్ర మాట ఎత్తకపోవడమే మంచిది.

ఇక కార్డు లేవకపోతే ఏం చేస్తారన్నది కొట్టిపారేయలేని ప్రశ్న. ఇంటెల్ 82574 చిప్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు నిద్ర పడక దాన్ని డ్రైవర్‌లోనే ఆపేశారు. రియల్‌టెక్ డ్రైవర్‌లోనూ కొన్ని యంత్రాల్లో కార్డు బిగుసుకుపోవడం వల్ల అదే పని చేయాల్సి వచ్చింది. డీ3లో ఉన్న కార్డు రిజిస్టరును చదివితే జవాబుగా అన్నీ ఒకట్లే వస్తాయి. ముందు లేపి తర్వాత అడగాలని మరచిన డ్రైవర్ ఆ చెత్తనే నిజమని నమ్ముతుంది. ఇవి నిద్ర వద్దనడానికి కారణాలు కావు, ఏ చిప్‌కు ఏది పడదో డ్రైవర్‌లో రాసి పెట్టుకోవడానికి కారణాలు. అయినా ఈ భయం వల్లే లినక్స్ చాలా పీసీఐ పరికరాలను ‘ఆన్’లోనే ఉంచుతుంది, ఎవరైనా సెట్టింగులో ‘ఆటో’ అని రాస్తే తప్ప ఆ నిద్ర కోడ్ కదలదు. సర్వర్లకు ఈ జాగ్రత్త సబబే. కేబుల్ రంధ్రం నెలల తరబడి ఖాళీగా ఉండే ల్యాప్‌టాప్‌లో, పరీక్షకు నిలిచిన చిప్‌లకైనా ఆ ‘ఆటో’ మాటను వాడకందారు రాయాలని చూడకుండా లినక్స్‌ను కూర్చి పంచే సంస్థలే రాసి ఇవ్వాలి.