ఖాళీ గడి సున్నా కాదు: ప్రయోగ దత్తాంశంలో లోపించిన విలువల నిర్వహణ

వేరుశనగలో ఐదు జిప్సం మోతాదులను నాలుగు బ్లాకులలో పరీక్షించే ఒక ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మొత్తం ఇరవై మడులు. కోతకు వారం రోజుల ముందు అడవి పందులు పడి, రెండవ బ్లాకులో మూడవ మోతాదు వేసిన మడిని తవ్విపోశాయి. క్షేత్ర పుస్తకంలో ఆ మడి ఎదుట ఒక అడ్డగీత మాత్రమే మిగిలింది. ఆ గీతను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఏమి నమోదు చేయాలన్నది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. అయితే ప్రయోగ ఫలితం తారుమారయ్యేది చాలాసార్లు అక్కడే.

సాధారణంగా ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. ఎక్సెల్‌లో సగటు కట్టే సూత్రం ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోదు కనుక అంతవరకు ప్రమాదం లేదు. కాని మడి దిగుబడిని హెక్టారు దిగుబడిగా మార్చడానికి పక్క నిలువు వరుసలో గుణకారం చేసినప్పుడు, అదే ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా భావిస్తుంది. 20 చదరపు మీటర్ల మడికి గుణకం 500. ఖాళీని 500తో గుణిస్తే సున్నా వస్తుంది. ఇక ఆ గడి ఖాళీ కాదు, సగటులో చేరిపోయే ఒక సంఖ్య. మూడవ మోతాదుకు మిగిలిన మూడు మడుల దిగుబడి మొత్తం 15.6 కిలోలు అనుకుంటే, సగటు హెక్టారుకు 2,600 కిలోలు. సున్నా చేరగానే అది 1,950కి పడిపోతుంది. పందులు చేసిన నష్టం జిప్సం ఖాతాలో పడుతుంది. మేలైన మోతాదు సిఫారసుకు నోచుకోదు.

అలాగని ప్రతి సున్నానూ అనుమానించనవసరం లేదు. కలుపు మందు అధిక మోతాదు వల్ల పైరంతా మాడిపోతే ఆ మడి దిగుబడి నిజంగానే సున్నా. అది ట్రీట్‌మెంటు ప్రభావం. దానిని లోపించిన విలువగా ప్రకటిస్తే ప్రయోగం తన ముఖ్య ఫలితాన్నే పోగొట్టుకుంటుంది. ఈ రెండింటి తేడాను ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, పొలం చూసినవారే చెప్పాలి. అందువల్ల దిగుబడి పక్కన కారణం రాసే మరొక నిలువు వరుస తప్పనిసరి.

కంప్యూటరు వైపు నుంచి ఈ సమస్యకు ఒక ఏర్పాటు ఉంది. దశాంశ సంఖ్యల అంకగణితానికి 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం ‘నాన్’ అనే ప్రత్యేక విలువను నిర్వచించింది. ‘సంఖ్య కాదు’ అన్నది దాని అర్థం. దానితో ఏ సంఖ్యను కూడినా, గుణించినా ఫలితం నాన్‌గానే ఉంటుంది. అది తనకు తానే సమానం కాదు కూడా. కాబట్టి సమానత్వ పరీక్షతో దానిని వెతికితే దొరకదు, ‘ఈజ్‌నాన్’ వంటి ప్రమేయాన్నే వాడాలి. పైథాన్‌లోని నంపై శ్రేణులలో లోపించిన విలువలకు ఎక్కువగా వాడేది ఇదే. అయితే పూర్ణాంకాల శ్రేణిలో నాన్‌కు చోటు లేదు. మొక్కల సంఖ్య, కాయల సంఖ్య వంటి లెక్కింపులను, విలువలు లోపించినప్పుడు, దశాంశ శ్రేణిగా ఉంచడం క్షేమం.

ఖాళీల పట్ల భాషలన్నీ ఒకే తీరుగా ప్రవర్తించవు. ఆర్ భాషలో లోపించిన విలువకు ‘ఎన్‌ఏ’ అనే గుర్తు ఉంది. సగటు అడిగితే జవాబుగా ఎన్‌ఏనే వస్తుంది, తొలగించమని విడిగా ఆదేశించాలి. నంపై సాధారణ సగటూ అంతే. పాండాస్ మాత్రం అడగకుండానే ఖాళీలను దాటవేసి సగటు ఇస్తుంది. సౌకర్యంగా తోచినా, పరిశోధనకు ఆర్ మొండితనమే మేలు. మొత్తాల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. వర్షమాపకం చెడి, నెలంతా నమోదు లేకపోతే, ఖాళీలను దాటవేసి కూడినప్పుడు ఆర్, నంపై, పాండాస్ మూడూ ఇచ్చే జవాబు సున్నా. కొలత లేని నెల చుక్క వాన లేని నెలగా మారిపోతుంది. కనీసం ఇన్ని నమోదులుంటేనే మొత్తం ఇవ్వాలన్న షరతు పాండాస్‌లో పెట్టవచ్చు. మిగిలిన రెండింటిలో ముందుగా నమోదైన రోజులను లెక్కించాలి.

వాతావరణ దత్తాంశంలో సంకేత సంఖ్యల బెడద కూడా ఉంది. నాసా పవర్ దత్తాంశంలో లోపించిన విలువకు −999 అని ఉంటుంది. 30 రోజుల నెలలో 29 రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత 36 డిగ్రీలై, ఒక రోజు −999 చేరితే సగటు 1.5 డిగ్రీలు వస్తుంది. ఎవరికైనా అనుమానం కలుగుతుంది. అదే సంకేతం −99 అయి, 33 డిగ్రీల సగటు గల ఏడాదిలో ఒక్కరోజే ఉంటే సగటు 32.6గా కనిపిస్తుంది. ఆ పొరపాటు ఎవరి కంటా పడదు. అందుకే ఫైలు చదివే తొలి వరుసలోనే సంకేతాలను నాన్‌గా మార్చాలి.

ఇక ఖాళీని పూరించడం. కంప్యూటర్లు రాకముందే, 1930లో అలన్, విషార్ట్ పోయిన మడి దిగుబడిని అంచనా వేసే పద్ధతిని ప్రకటించారు. 1933లో యేట్స్ దానిని విస్తరించారు. యాదృచ్ఛిక బ్లాకుల విన్యాసంలో ఆ సూత్రం సులభమైనదే. బ్లాకుల సంఖ్యను ఆ బ్లాకులో మిగిలిన మొత్తంతోను, ట్రీట్‌మెంట్ల సంఖ్యను ఆ ట్రీట్‌మెంటులో మిగిలిన మొత్తంతోను గుణించి కూడాలి. అందులోంచి మొత్తం దిగుబడిని తీసివేసి, రెండు సంఖ్యలనూ ఒక్కొక్కటి తగ్గించి గుణించగా వచ్చిన లబ్ధంతో భాగించాలి. రెండవ బ్లాకులో మిగిలిన మొత్తం 19.2, పందొమ్మిది మడుల మొత్తం 93.5 అయితే: 76.8, 78.0 కలిపి 93.5 తీసివేయగా 61.3, దానిని 12తో భాగిస్తే 5.11 కిలోలు. మూడవ మోతాదు సగటు హెక్టారుకు సుమారు 2,590 కిలోలుగా నిలుస్తుంది.

అయితే ఆ 5.11 కొలిచినది కాదు, ఊహించినది. దాని వల్ల కొత్త సమాచారమేదీ చేరదు కనుక ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12 నుంచి 11కు తగ్గించాలి. పూరించిన ఇరవై విలువలను ప్రోగ్రాముకు అందిస్తే అది 12గానే లెక్కిస్తుంది. పైగా ట్రీట్‌మెంట్ల వర్గాల మొత్తం కొంత ఎక్కువగా వస్తుంది. నేడు పూరించే అవసరమే లేదు. పందొమ్మిది వరుసలనే ఆర్‌కు ఇచ్చి, మోడల్‌లో బ్లాకును ముందు, ట్రీట్‌మెంటును తరువాత రాస్తే ఈ సవరణలన్నీ వాటంతట అవే జరుగుతాయి. క్రమం తలకిందులైతే ట్రీట్‌మెంట్ల వర్గాల మొత్తం మారిపోతుంది.

పందులు మోతాదు చూసి మడిని ఎంచుకోవని భావించినందువల్లనే ఈ పద్ధతి చెల్లుతుంది. కోస్తాలో తుఫాను రోజున స్వయంచాలిత వాతావరణ కేంద్రం మూగబోవడం అటువంటిది కాదు. అక్కడ విలువ లోపించడానికి కారణం ఆ విలువే, అంటే ఆనాటి గాలి, వాన. ఆ రోజును మిగతా రోజుల సగటుతో పూరిస్తే పైరు ముంపుకు కారణమైన వర్షమే దత్తాంశం నుంచి మాయమవుతుంది. సమీప కేంద్రాల ఆనాటి నమోదులు ఉంటే వాటి ఆధారంగా అంచనా కట్టి, అది అంచనా అని పట్టికలో గుర్తు పెట్టాలి. లేకుంటే ఆ గడిని నాన్‌గానే ఉంచాలి.