మీకు తెలుసా? లైబ్రరీకి రెండు చిరునామాలు!

ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డులో నడిపే లైబ్రరీకి రెండు దారులు చెప్పాలి.

● ‘ప్రిఫిక్స్’ అంటే బోర్డులో లైబ్రరీ చివరికి ఉండే చోటు. ‘డెస్ట్‌డిర్’ అంటే ఇన్‌స్టాల్ సమయంలో ఫైళ్లను తాత్కాలికంగా పేర్చే ఫోల్డర్.

● ప్రిఫిక్స్‌గా ల్యాప్‌టాప్ ఫోల్డర్ ఇస్తే, ఆ దారి లైబ్రరీ లోపలే అచ్చయిపోవచ్చు. బోర్డులో ఆ ఫోల్డర్ ఉండదు కాబట్టి ప్రోగ్రామ్‌కు తన సెట్టింగుల ఫైలు దొరకదు.

● డెస్ట్‌డిర్ మరిచిపోయి, రూట్ అధికారంతో ఇన్‌స్టాల్ చేస్తే ఆర్మ్ ఫైళ్లు మీ ల్యాప్‌టాప్ సొంత లైబ్రరీలను చెరిపేసి కూర్చోవచ్చు!

● కంపైల్‌కు ముందు సెట్టింగులు సిద్ధం చేసే ఆటోకాన్ఫ్‌లో బోర్డు రకాన్ని ‘హోస్ట్’ ఆప్షన్‌లో చెప్పాలి. ‘టార్గెట్’ ఆప్షన్ కంపైలర్ల వంటివి తయారుచేసేవారికి.

● కావాల్సిన లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ మామూలుగా ల్యాప్‌టాప్ లైబ్రరీలనే చూపిస్తుంది. దాని ‘లిబ్‌డిర్’, ‘సిస్‌రూట్ డిర్’ వేరియబుల్స్‌ను బోర్డు ఫైళ్లున్న ఫోల్డర్ వైపు తిప్పాలి.

● ఫైలు ఏ ప్రాసెసర్‌దో ‘ఫైల్’ కమాండ్ చెబుతుంది. దానికి ఏయే లైబ్రరీలు కావాలో, వాటిని ఎక్కడ వెతకమని రాసి ఉందో ‘రీడ్‌ఎల్ఫ్’ చూపిస్తుంది. బోర్డుకు ఎక్కించే ముందే ఈ రెండూ చూసుకోండి.