మెరుపు చూసి కాదు, పులుపు చూసి గిన్నె కొనండి

తణుకు: పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడ్డాయంటే పాత్రల కొట్లలో కాలు పెట్టడానికి సందుండదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడపిల్లల తల్లిదండ్రులు సారె సామాను కొనడానికి వస్తారు. గంగాళం, బిందెలు, గుండిగలు, తపేలాలు, మూకుళ్ళు, పెనం అంటూ చీటీ రాసుకుని మరీ దిగుతారు. షావుకారు ఒక్కొక్కటే కాటా మీద పెట్టి తూకం చెబుతాడు, ధర చెబుతాడు. తళతళలాడేది ముందుకు వస్తుంది. మెరవనిది వెనక్కి పోతుంది. రేపు ఆ గిన్నెలో ఏమి వండుతారన్న మాట కొనేవారూ తలవరు, అమ్మేవారూ అడగరు.

మొన్న ఒక కొట్టులో మనుమరాలి సారెకు వచ్చిన పెద్దావిడ మాత్రం ఆ మాట అడిగింది. "మెరుపు నాలుగు రోజులేనే అమ్మాయ్! ఇందులో చింతపండు పులుసు కాగితే ఏమవుతుందో ముందు షావుకారుగారిని అడుగు" అన్నది. అక్కడున్నవారు నవ్వారు. కాని ఆవిడ అడిగిన దానిలో గిన్నెల సంగతంతా వుంది.

పులిహోర నేర్పిన పాఠం

కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒకరింట శుభకార్యం జరిగింది. అటక మీద నుంచి పాత ఇత్తడి గుండిగ దింపి, చింతపండుతో అద్దంలా తోమి, అందులో పులిహోర కలిపారు. లోపలి కళాయి ఎప్పుడో అరిగిపోయిందన్న సంగతి ఎవరూ చూడలేదు. పొద్దున కలిపిన పులిహోర మధ్యాహ్నం దాకా అందులోనే వుంది. తిన్న పిల్లల్లో కొందరికి కాసేపటికే వాంతులు పట్టుకున్నాయి. వారిలో మా అబ్బాయి కూడా వున్నాడు. పరుగున తీసుకుపోతే డాక్టరుగారు, ఏమి తిన్నారో చెప్పగానే "దేనిలో కలిపారు?" అని అడిగారు. సాయంత్రానికి పిల్లలంతా తేరుకున్నారు గాని, ఆ కాసేపూ మా ప్రాణాలు మా దగ్గర లేవు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. పులుపు తగిలితే రాగి కొద్దికొద్దిగా కరిగి పదార్థంలోకి దిగుతుంది. అది ఎక్కువైతే వికారం, వాంతులు, కడుపునొప్పి తప్పవు. చింతపండుతో తోమితే గిన్నె ఎందుకు మెరుస్తుంది? పైనున్న చిలుమును పులుపు తినేస్తుంది కనుక. అదే చింతపండు వంటలో పడినప్పుడు మాత్రం ఊరుకుంటుందా?

ఈ సంగతి పెద్దలకు తెలుసు. అందుకే ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి వేయించేవారు. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా రుద్దుతారు. వెండిలా తెల్లని పొర పడుతుంది. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద మరచిపోరాదు. వేపుళ్ళకు వాడరాదు. లోపల పసుపురంగు కనబడిన నాడే మళ్ళీ కళాయి వేయించాలి.

తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరుమోసిన వూరు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. స్టీలు వచ్చాక అటకెక్కిన ఇత్తడిని మళ్ళీ అడిగేవారు కొందరు కనబడుతున్నారు. మంచిదే. నీళ్ళకు, అన్నం వండడానికి ఇత్తడి గుండిగ దివ్యంగా వుంటుంది. కాని కొనేముందు కళాయి వేసే మనిషి అందుబాటులో వున్నాడో లేడో విచారించుకోవాలి. వీధిలో కళాయివాళ్ళ కేక వినబడడం అరుదైపోయింది. పూసేది మేలైన తగరమేనా అన్నది కూడా అడగాలి. చౌకకు ఆశపడి సీసం కలిపిన పూత వేయిస్తే, రోగం తగ్గించబోయి మరో రోగం తెచ్చుకున్నట్లే.

స్టీలులోనూ రకాలు

పులుసుకు, చారుకు, పెరుగుకు జంకు లేకుండా వాడదగినది మంచి స్టీలు. కాని స్టీలంతా ఒకటి కాదు. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు వుంటాయి. 200 వరుస రకాలలో ఖరీదైన నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు. చూపుకు రెండూ ఒక్కటే. చౌకరకం ఉప్పుకు, పులుపుకు అంత బాగా తట్టుకోదు.

చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకోకపోతే మేలురకమని నమ్ముతారు. ఇది సగం నిజమే. 304 అంటుకోదు, నిజమే. 200 వరుస కూడా మామూలుగా అంటుకోదు. అందుచేత ఆ పరీక్ష ఒక్కటే చాలదు. అడుగున కొట్టిన ముద్ర చూడాలి, బిల్లు మీద రకం రాయించుకోవాలి. కరెంటు ఇండక్షన్ పొయ్యి వున్నవారు మాత్రం అడుగుకు అయస్కాంతం అంటుకునేదే కొనాలి.

స్టీలు గిన్నెలో పప్పు, పాయసం అడుగంటుతాయన్న ఫిర్యాదు ప్రతి ఇంటా వుంది. స్టీలు వేడిని అల్యూమినియం కంటే సుమారు 15 రెట్లు నెమ్మదిగా పాకిస్తుంది. మంట తగిలిన చోటే మాడుతుంది. దీనికి విరుగుడు మందపాటి అడుగు. రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం పలక పెట్టిన గిన్నెలు దొరుకుతాయి. అడుగు అంచున ఆ పలక మందం కంటికి కనబడుతుంది. కొన్ని గిన్నెల కింద రాగిరంగు మాత్రమే వుంటుంది. అది పలచని పూత, అందానికే తప్ప అడుగంటకుండా ఆపదు.

కంటికి కనబడని సీసం

తేలికైనది, చౌకైనది అల్యూమినియం. కూలిపని చేసుకునే ఇళ్ళలో అన్నం ఉడికేది చాలావరకు దానిలోనే. పులుపు, ఉప్పు దానిని కూడా తింటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో ఈ మాటే వుంది. పచ్చడి, సాంబారు వంటి పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిలవ వుంచరాదని చెప్పింది.

అంతకంటె భయపడవలసింది తుక్కు కరిగించి పోత పోసిన గిన్నెల గురించి. పాత ఇంజను ముక్కలు, ఇతర లోహపు తుక్కు కలిసిపోతే దానితోపాటు సీసమూ రావచ్చు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కొన్ని దిగుమతి పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగుతున్నదని హెచ్చరించింది. ఆ హెచ్చరికలో అల్యూమినియం, ఇత్తడితోపాటు మనం ఇండాలియం అని పిలిచే రకం పేరు కూడా వుంది. సీసానికి రుచి తెలియదు, వాసన తెలియదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కనుక ముద్ర, పేరు లేని పోత గిన్నెను తూకానికి దొరికిందని కొనరాదు. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర వుండాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. ప్రెషర్ కుక్కర్లకు ఆ నిబంధన 2021 ఫిబ్రవరి నుంచే వుంది. వంద రూపాయలు ఎక్కువైనా ముద్ర వున్నదే అడగండి.

ఇనుము, రాయి, మట్టి

అట్లకు, వేపుళ్ళకు ఇనుప పెనం, మూకుడు సాటిలేనివి. వండేటప్పుడు కొంత ఇనుము ఆహారంలో కలిస్తే నష్టం కంటె మేలే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వుంది. కొత్త పెనాన్ని గంజిలో నానబెట్టి, కడిగి ఆరబెట్టి, నూనె రాసి కాల్చి పదును చేసుకోవాలి. కూర పొయ్యి దిగగానే వేరే గిన్నెలోకి తీయాలి.

పులుసుకు మన అమ్మమ్మలు రాచ్చిప్ప వాడేవారు. పులుపు రాతిని ఏమీ చేయదు. చేపల పులుసుకు మట్టి దాక సరే సరి. అయితే రంగు, నిగనిగల పూత వున్న మట్టిపాత్ర వంటకు వద్దు. ఆ పూతలోనూ సీసం వుండవచ్చు. కుమ్మరి వాములో కాలిన మామూలు దాక చాలు.

అంటుకోని పూత పెనాలు కొన్నవారు వాటిని ఖాళీగా కాల్చరాదు, ఇనుప అట్లకాడతో గీకరాదు. పూత లేచిపోతే పారేయడమే.

ముందు చీటీ, తర్వాత కొట్టు

కొత్త కాపురానికి ఇరవై గిన్నెలు అక్కర్లేదు. మందపాటి అడుగున్న స్టీలు గిన్నెలు రెండు, ముద్ర వున్న కుక్కరు ఒకటి, ఇనుప పెనం, మూకుడు, పులుసుకు ఒక దాక వుంటే ఇల్లు గడుస్తుంది. గిన్నెను బల్ల మీద పెట్టి కదిపి చూడండి, అడుగు ఊగరాదు. పిడి బిగింపు చూడండి. మూత సరిపోయిందా చూడండి. మెరుపు చివర చూడవచ్చు.

మొన్నటి పెద్దావిడ అడిగిన వాటిలో సగమే కొన్నది. మిగిలిన డబ్బు అమ్మాయి చేతిలో పెట్టింది. మా వీధివారు కూడా ఆ గుండిగను తుక్కు కింద అమ్ముకోలేదు. కళాయి వేయించారు. ఇప్పుడు దానిలో అన్నం మాత్రం వండుతున్నారు. పులిహోర కలిపేది స్టీలు బేసిన్‌లో.