భావవాచకమునకు తగిన విశేషణము

కంటికి కనబడు వస్తువునకు విశేషణమును కూర్చుట సులభము. చెట్టు ఎత్తైనదో పొట్టిదో చూచినవాడు చెప్పగలడు. ధైర్యము, జాలి, పేదరికము, నమ్మకము మొదలగు భావవాచకములకు రంగు లేదు, కొలత లేదు. వీని విషయమున చూపు పనికిరాదు. భాషయే దారి చూపవలెను. అందుచేత ఒకనికి తన భాషపై గల పట్టు ఎంతటిదో తెలిసికొనుటకు ఈ కూర్పు మంచి గీటురాయి.

రాజపాళయము, చోళపురము వంటి చోట్ల ఇది వట్టి వ్యాకరణచర్చ కాదు. ఇచ్చటి తెలుగు పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు; వీధిలో తమిళము విందురు, బడిలో తమిళము చదువుదురు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ననుసరించి 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున, 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఇంటి తెలుగులో అన్నము, నీళ్లు, పని, పండుగ – వీనికి కావలసిన మాటలు నిలిచియున్నవి. జారిపోవునవి భావములను గూర్చిన మాటలు. నామము మిగిలినను దానికి తగిన విశేషణము మిగులదు. అప్పుడు పిల్లవాడు 'మంచి', 'పెద్ద' అను రెండు మాటలతోనే కాలము గడుపును: పెద్ద కోపము, పెద్ద ధైర్యము, పెద్ద పేదరికము.

విశేషణము వ్యావర్తకమని శాస్త్రకారులు చెప్పుదురు. అనగా ఒకదానిని తక్కినవానినుండి వేరుచేసి చూపునది. 'మొక్కవోని ధైర్యము', 'మొండి ధైర్యము', 'గుడ్డి ధైర్యము' అను మూడింటిని చూడుడు. మొక్కవోవుట యనగా కత్తి అంచు పదును తప్పుట. ఎన్ని దెబ్బలు తగిలినను పదును తగ్గనిది మొదటిది. ఎవరి మాటయు విననిది రెండవది. ముందున్న గోతిని చూడనిది మూడవది. నామ మొక్కటియే, మొదటిది మెప్పు, మూడవది హెచ్చరిక. 'పెద్ద ధైర్యము' అన్నచో ఈ భేదము లేవియు తెలియవు.

పదములు పొసగుటకు యోగ్యత ఉండవలెనని పెద్దల మాట. నిప్పుతో తడుపుచున్నాడనిన వాక్యము వ్యాకరణమునకు లొంగినను అర్థమునకు లొంగదు. విశేషణమునకును ఈ నియమమే. పేదరికము 'కటిక' పేదరికమగును. అబద్ధము 'పచ్చి' అబద్ధమగును. వీనిని తారుమారు చేసి 'పచ్చి పేదరికము' అన్నచో తెలుగు చెవి ఒప్పుకొనదు. కటికనేలపై పడుకొన్నవానికి కటిక పేదరిక మేమో తెలియును. కనబడని భావమునకు కనబడు బ్రదుకునుండియే విశేషణము వచ్చినది.

ఇక కూర్పు విధానము. తత్సమ విశేషణము తత్సమ నామముతో నేరుగా సమసించును: గాఢనిద్ర, తీవ్రవేదన, అపారకరుణ. నామము అచ్చతెలుగుదైనచో నడుమ 'ఐన' చేరవలెను: తీవ్రమైన నొప్పి, అపారమైన జాలి. 'తీవ్రనొప్పి', 'అపారజాలి' అనునవి వైరిసమాసములు.

తెలుగునకు ఇంకొక సంపద కలదు. లేమిని తెలుపు క్రియనుండి పుట్టిన విశేషణములు భావవాచకములకు చక్కగా అమరును: తీరని దుఃఖము, పట్టరాని సంతోషము, చెదరని నమ్మకము, ఎడతెగని చింత. నూలు మిల్లుల ఊరైన రాజపాళయమున పోగు తెగుట యనగా నేమో పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. తెగని పోగును తలచుకొన్నచో 'ఎడతెగని' అను మాట తనంతట తానే అర్థమగును.

తమిళము ఇచ్చట శత్రువు కాదు. చాలచోట్ల సహాయమే చేయును. తమిళులు 'పచ్చైప్ పొయ్' అందురు. అది మన పచ్చి అబద్ధమే. 'అసైయాద నంబిక్కై' అనునది కదలని నమ్మకము. ఐనను కొన్నిచోట్ల మెలకువ కావలెను. తమిళమున 'నల్ల' యనగా మంచిది, తెలుగున నలుపు. 'నల్ల మనసు' అను మాట ఒక భాషలో మెచ్చుకోలు. రెండవ భాషలో అది నలుపునే తోపించును. సంతాపము తెలుపునపుడు తమిళులు లోతును తెలుపు 'ఆళ్‌న్ద' అను విశేషణమును వాడుదురు. తెలుగున 'ప్రగాఢ సానుభూతి' అనుట వాడుక. 'లోతైన సానుభూతి' అనునది మాటకు మాట అనువాదమే కాని నుడికారము కాదు.

తగిన విశేషణమును వెదకుటకు నాలుగు ప్రశ్నలు చాలును. ఎంత? ఎట్టిది? ఎంతకాలము? ఏమి చేయును? కోపమునే తీసికొన్నచో, పట్టరాని కోపము, న్యాయమైన కోపము, క్షణికమైన కోపము, దహించివేయు కోపము అని నాలుగు సమాధానములు వచ్చును. చెప్పదలచిన దేదో నిర్ణయించుకొని ఒక్కదానిని నిలుపవలెను. సన్మానపత్రములలో వలె అపారము, అనంతము, అద్భుతము అని మూటగట్టినచో ఒకటి రెండవదానిని మింగివేయును.

విశేషణము వ్రాసినవాడు దానికి జవాబుదారి కావలెను. రాజపాళయమున పుట్టి, 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజాను గూర్చి విద్యార్థి వ్యాసము వ్రాయుననుకొందము. 'గొప్ప సేవ' అన్నచో అది ఎవరికైనను చెల్లును. 'సుదీర్ఘమైన సేవ' అన్నచో సంవత్సరములు చెప్పవలెను; 'నిస్స్వార్థమైన సేవ' అన్నచో నిదర్శనము చూపవలెను. తగిన విశేషణము వ్రాయువానిని ఆలోచింపజేయును.

ఇంటిలో పెద్దలు 'తీరని', 'చెదరని', 'మొక్కవోని' అను మాటలను పిల్లల చెవిని వేయుచుండవలెను. బడి గంటలు కొలది. ఇంటి పలుకు రోజంతయు నుండును. భావమును పోల్చి చెప్పగల మాట ఉన్నంతవరకు మాతృభాష వంటింటి అవసరములకే పరిమితము కాక, ఆలోచనకును భాషగా నిలుచును.