బాస్కెట్‌బాలు క్రీడలో నుత్తముఁడెవఁడు?



అమెరికాదేశమున వేతనము గైకొని బాస్కెట్‌బాలాడువారిలో నెల్లరను మించినవాఁ డెవఁడను వివాదము నేఁటికిని తెగలేదు. కొందఱు మైకేల్ జోర్డాన్ అందురు. కొందఱు లెబ్రాన్ జేమ్స్ అందురు. మఱికొందఱు బిల్ రసెల్ అందురు. తగవులు తీర్చుట మీకుఁ గ్రొత్త గాదు. కావున దీనిని తర్కశాస్త్రపద్ధతిని విచారింతము.

ముందుగా నాట స్వరూపము తెలియవలెను. 1891వ సంవత్సరమున మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డునందు జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుఁడు రెండు పండ్లబుట్టలను పదియడుగుల యెత్తునఁ గట్టించి, వానిలో బంతి వేయుట శిష్యులకు నేర్పెను. ఆటకు బుట్టల పేరే నిలిచినది. ఇప్పుడు జట్టున కైదుగురు చొప్పున నాడుదురు. వేతనక్రీడాకారుల ప్రధానసంస్థయగు నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ 1946లో మొదలయ్యెను. నేఁడందు 30 జట్లు గలవు.

ఉత్తముఁడనఁగా నెవఁడో లక్షణము చెప్పక వాదించుట వ్యర్థము. లక్షణమునకు ముఖ్యముగా రెండు దోషములు రాకుండఁ జూచుకొనవలెను. చెందవలసినవానికిఁ జెందకుండుట అవ్యాప్తి. చెందరానివానికిఁ జెందుట అతివ్యాప్తి.

"ఎక్కువ పాయింట్లు గడించినవాఁడే యుత్తముఁడు" అందమా? కరీం అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్లు చేసి ప్రథముఁడై యుండఁగా, 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ ఆ సంఖ్యను దాఁటెను. కాని పెక్కేండ్లాడినవానికి మొత్తము పెరుగుట సహజము. సగటు చూచినచో, ఆటకు 30 పాయింట్లకు మించిన జోర్డాన్ ముందు నిలుచును.

"ఎక్కువ మారులు గెలిచినవాఁడు" అందమా? రాబర్ట్ హోరీ అను నాతఁడు 7 మారులు విజేతల జట్టులో నుండెను. జోర్డాన్ 6 మారులే. అయినను హోరీని జోర్డాన్‌కంటె మిన్నగా నెవ్వరును చెప్పరు. ఇది యతివ్యాప్తి.

ఇఁక బిల్ రసెల్ సంగతి. అతఁడు 1956 మొదలు 1969 వఱకు బోస్టన్ సెల్టిక్స్ జట్టున నాడెను. ఆ 13 పోటీలలో 11 మారులు ఆ జట్టే గెలిచెను. అతని సగటు మాత్రము ఆటకు 15 పాయింట్లే. ఎదిరి వేసిన బంతిని బుట్ట చేరకముందే గాలిలో నడ్డగించుట యతని విద్య. సంస్థవా రట్టి యడ్డగింపులను 1973–74 పోటీలనుండి గాని లెక్క వ్రాయలేదు. అప్పటి కతఁ డాట మాని యేండ్లు గడచినవి. చెఱువుగట్టు తెగకుండ రాత్రియెల్లఁ గాచినవాని పేరు పంటలెక్కలలో నుండునా? పాయింట్లే ప్రమాణమన్నచో రసెల్‌కు స్థానమే లేకపోవును. ఇది యవ్యాప్తి.

1961–62లో జరిగిన దొకటి వినుఁడు. ఆ యేఁడు విల్ట్ చాంబర్లెన్ అను మహాకాయుఁడు ఆటకు 50కి మించిన సగటు సాధించెను. 1962 మార్చి 2వ తేదీన నొక్క యాటలోనే 100 పాయింట్లు చేసెను. అయినను ఆ సంవత్సరపు ఉత్తమక్రీడాకారుని బిరుదు రసెల్‌కే వచ్చెను. నాఁడు ఆ యెన్నికలో వోటు వేసినవారు తక్కిన యాటగాండ్రే! లెక్కలఁ బట్టి మన మూహించునది అనుమానప్రమాణము. ఎదుట నిలిచి పోరాడినవారిది ప్రత్యక్షము.

అయితే ప్రత్యక్షమునకును హద్దు గలదు. రసెల్ కాలమున జట్లు తక్కువ. దూరమునుండి వేసిన బంతికి మూఁడు పాయింట్లిచ్చు నియమము సంస్థలో 1979లోఁ గాని రాలేదు. రసెల్‌తోను, జోర్డాన్‌తోను తలపడినవాఁ డొక్కఁడును లేఁడు. కనుక ఉత్తముఁడను మాటను కాలముతోను, పనితోను జేర్చియే చెప్పవలెను. పాయింట్లు చేయుటలో జోర్డాన్, చిరకాలము సామర్థ్యము నిలుపుకొనుటలో జేమ్స్, జట్టును గెలిపించుటలో రసెల్ అనుట నా సిద్ధాంతము.

తత్త్వము తెలియుటకుఁ జేయునది వాదము. గెలుపే కోరునది జల్పము. తన పక్షము లేక పరపక్షమును ఖండించుటే వితండ. ఎవఁడు గొప్పయని పిల్లలు మీయొద్ద వాదులాడునపుడు, ఏ పనిలో గొప్పయో, ఆ పని లెక్కలో నున్నదో లేదో ముందడుగుఁడు. సగము తగవు అక్కడనే తీఱును.