ఇల్లు, నాలా, నీడ: జహనుమా వాసులు కార్పొరేటర్‌ను ఏం అడగాలి, ఎలా అడగాలి?

ఈ పత్రం ఎవరి కోసం: ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టినవారు, ఉచిత నీటి పథకంలో ఉన్నవారు, వర్షం పడితే గల్లీలో నీళ్లు నిలిచే బస్తీల వారు. చదివి పక్కింటి వారికి కూడా ఫార్వర్డ్ చేయండి. ఇది ఏ పార్టీ కరపత్రం కాదు. మీ ఓటు మీ ఇష్టం. మీ హక్కు ఏమిటో, ఏ తలుపు తట్టాలో చెప్పడమే మా పని.

ముందు ఒక మాట

2020 అక్టోబరు 13 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగైదు రోజులకే మళ్లీ వాన, ఈసారి గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ నీళ్లలో చిక్కుకుంది. ప్రభుత్వం ముంపు కుటుంబాలకు రూ.10 వేల చొప్పున తక్షణ సాయం ప్రకటించింది. ఆ డబ్బు తడిసిన బియ్యానికి, పాడైన పరుపులకు కూడా చాలలేదని మీలో చాలామంది అన్నారు. అన్నది నిజమే. సాయం ఒక్కసారి వస్తుంది, వాన మాత్రం ఏటా వస్తుంది.

అందుకే ఇల్లు, నాలా, పచ్చదనం మూడు వేర్వేరు సంగతులు కావు. ఇల్లు ఎంత పక్కాగా కట్టుకున్నా ముందున్న నాలా పూడిపోతే నీళ్లు గడప దాటుతాయి. స్లాబు వేసుకున్నా గల్లీలో ఒక్క చెట్టు నీడ లేకపోతే మే నెలలో ఇంట్లో పడుకోలేం. ఈ మూడింటినీ ఒకచోట కలిపి అడగగలిగే మనిషి మీ వార్డు కార్పొరేటర్.

ఈ ఆలోచన హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టడం, మురుగు కాలువలు వేయడం, రోడ్లు వెడల్పు చేయడం ఆ ఒక్క మండలే చూసింది. నూరేళ్ల కింద కలిసి ఉన్న ఆ పనులు ఇప్పుడు నాలుగైదు శాఖల్లో ఉన్నాయి. మనం తిరగాల్సి వస్తున్నది అందుకే.

1. కార్పొరేటర్ చేతిలో ఏముంది, ఏం లేదు?

మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే: "కార్పొరేటర్ సాబ్‌కు చెప్పినం, ఇల్లు రాలేదు."

ఇల్లు మంజూరు చేసే అధికారం కార్పొరేటర్ ఒక్కరికే లేదు. 2024 అక్టోబరు ఉత్తర్వుల ప్రకారం వార్డు స్థాయిలో ఇందిరమ్మ కమిటీ ఉంటుంది. పట్టణాల్లో దానికి అధ్యక్షత వహించేది కౌన్సిలర్ లేదా కార్పొరేటర్. మహిళా సంఘాల నుంచి సభ్యులు, స్థానికులు, కన్వీనర్‌గా వార్డు అధికారి ఉంటారు. కమిటీ చేసేది అర్హులను గుర్తించడం, జాబితాను పరిశీలించడం. మంజూరు జిల్లా యంత్రాంగం నుంచి వస్తుంది. కాబట్టి కార్పొరేటర్‌ను "నాకు ఇల్లు ఇప్పించండి" అని అడిగితే జవాబు రాదు. "కమిటీ పరిశీలనలో నా దరఖాస్తు ఎక్కడ ఆగింది?" అని అడగండి. దీనికి ఆయన గానీ ఆమె గానీ జవాబు చెప్పి తీరాలి.

కార్పొరేటర్ చేయగల పనులు ఇవి: కౌన్సిల్ సమావేశంలో మీ గల్లీ సమస్య మీద ప్రశ్న వేయడం, వార్డు పనులను ప్రతిపాదించడం, బడ్జెట్ మీద మాట్లాడడం, అధికారులను స్థలానికి పిలిపించి చూపించడం.

2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ వార్డులను 150 నుంచి 300కు పెంచారు. పాత వార్డు పేరు మీదే అర్జీ పెట్టి తిరగకండి. మీ ఇల్లు ఇప్పుడు ఏ వార్డు కిందికి వస్తుందో ముందు తెలుసుకోండి. కౌన్సిల్ గడువు ముగిసి ప్రత్యేక అధికారి ఉన్న రోజుల్లో అయినా అర్జీ పెట్టే పద్ధతి మారదు. పేరు మారుతుంది, అంతే.

2. ఇల్లు: చిన్న జాగాలో ఎలా?

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేని పేద కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తారు. ఇల్లు ఆ ఇంటి మహిళ పేరు మీద మంజూరవుతుంది. డబ్బు ఒకేసారి రాదు. పని జరిగిన కొద్దీ ఫొటోలు తీసి, విడతల వారీగా నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు.

దరఖాస్తులను మూడు జాబితాలుగా చేశారు:
• ఎల్-1: సొంత జాగా ఉంది, ఇల్లు లేదు.
• ఎల్-2: జాగా లేదు, ఇల్లు లేదు. కిరాయికి ఉండేవారు ఎక్కువగా ఇందులోకే వస్తారు.
• ఎల్-3: మిగతా వారు.

మీ పేరు ఏ జాబితాలో ఉందో తెలియకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే చెప్పుల అరుగుదలే మిగులుతుంది. ముందు అది తెలుసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. మామూలు నిబంధన ప్రకారం ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. ఒక గజం అంటే 9 చదరపు అడుగులు. మీకు 40 గజాల జాగా ఉందనుకోండి. మొత్తం కలిపి 360 చదరపు అడుగులే. అంచు నుంచి అంచు దాకా గోడ కట్టినా 400 రాదు. జహనుమా, ఫలక్‌నుమా, నవాబ్ సాహెబ్ కుంట వైపు చాలా కుటుంబాలది ఇదే లెక్క. అన్నదమ్ములు పంచుకోగా మిగిలింది అంతే కదా.

ఈ ఇబ్బంది చూసే 2025లో ప్రభుత్వం పట్టణాల్లో 60 గజాల లోపు జాగా ఉన్నవారికి సడలింపు ఇచ్చింది. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు, అంటే జీ ప్లస్ వన్ కట్టుకోవచ్చు. గదుల కనీస కొలతలు, విడతల లెక్క మామూలు ఇంటికి, దీనికి ఒకటి కావు. పునాది తీయకముందే హౌసింగ్ ఇంజినీర్‌తో ప్లాన్ చూపించి మాట్లాడుకోండి. గోడలు లేచాక కొలత తేడా వస్తే బిల్లు ఆగుతుంది. అప్పుడు తెచ్చిన అప్పు మీద వడ్డీ కట్టేది మీరే.

కాగితాల సంగతి. పాతబస్తీలో నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లు చాలా ఉన్నాయి. నోటరీ అంటే రిజిస్ట్రేషన్ కాదు. అలాగని చేతిలో ఉన్న కాగితాన్ని పనికిరాదని పారేయకండి. ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు, నోటరీ పత్రం, ఆధార్, ఆహార భద్రత కార్డు అన్నీ ఒక్క ఫైల్లో పెట్టి పరిశీలనకు వచ్చిన అధికారికి చూపించండి. ఇంట్లో వాటాదారులు ఉంటే వారి ఒప్పుకోలు రాతపూర్వకంగా ముందే తీసుకోండి. పని సగంలో ఉన్నప్పుడు అన్నదమ్ముల గొడవ మొదలైతే ఏ ఆఫీసూ తీర్చలేదు.

అనుమతి గురించి ఒక మంచి మాట. 2020 నాటి చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో జీ ప్లస్ వన్ వరకు ఇంటికి మున్సిపల్ అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రూ.1 కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. "పర్మిషన్ తెప్పిస్తా, పాతిక వేలు అవుతుంది" అని ఎవరైనా వస్తే ఈ పేరా చూపించండి.

ఇంకో మాట ఖచ్చితంగా గుర్తుంచుకోండి: ఇందిరమ్మ ఇంటికైనా, డబుల్ బెడ్‌రూమ్ ఇంటికైనా ఎంపిక కోసం ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వాల్సిన పని లేదు. పైరవీకారుడికి ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, తిరిగీ రాదు.

3. నల్లా వేరు, నాలా వేరు

ఒక్క అక్షరం దీర్ఘంలో రెండు శాఖలు ఉన్నాయి.

• నల్లా నీళ్లు రాకపోయినా, రంగు మారినా, మ్యాన్‌హోల్ పొంగినా: జలమండలి. ఫోన్ 155313.
• వాన నీటి నాలా పూడినా, చెత్త తీయకపోయినా, గల్లీ రోడ్డు పాడైనా: జీహెచ్‌ఎంసీ. ఫోన్ 040-21111111.
• కరెంటు పోయినా, తీగలు వేలాడుతున్నా: 1912.

మ్యాన్‌హోల్ పొంగిందని జీహెచ్‌ఎంసీకి, నాలా నిండిందని జలమండలికి ఫిర్యాదు చేస్తే "మాది కాదు" అనే జవాబే వస్తుంది. మురుగు, వాన నీరు రెండూ కలిసి పారుతున్న చోట ఇద్దరికీ ఫిర్యాదు చేసి, రెండు నంబర్లూ రాసుకోండి. ఇద్దరినీ ఒకే రోజు గల్లీకి రప్పించమని కార్పొరేటర్‌ను అడగండి. ఇది ఆయన చేయగల పనే.

ఉచిత నీరు: 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు బిల్లు లేదు. రోజుకు దాదాపు 666 లీటర్లు. ఆరుగురున్న ఇంట్లో మనిషికి 111 లీటర్లు. మీ క్యాన్ నంబరుకు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. బస్తీ కనెక్షన్లు కాని ఇళ్లకు పనిచేసే మీటరు కూడా ఉండాలి. ఒకే కనెక్షన్ మీద మూడు కుటుంబాలు వాడుకుంటే పరిమితి దాటిపోతుంది. బిల్లు వచ్చాక కొట్లాడే బదులు, మరో కనెక్షన్‌కు అవకాశం ఉందేమో ఇప్పుడే జలమండలిలో కనుక్కోండి.

2020 వరదల తర్వాత నాలాల వెడల్పు, మరమ్మతుల కోసం 2021లో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. పెద్ద నాలాల పని ఇంజినీర్లది. మన వంతు కూడా ఒకటి ఉంది. పాత రేకుల ఇల్లు కూల్చి ఇందిరమ్మ ఇల్లు కట్టేటప్పుడు వచ్చే ఇటుక ముక్కలు, మట్టి రాత్రికి రాత్రి నాలాలోకి పోతున్నాయి. ఈ ఏడాది పారబోసిన శిథిలం వచ్చే వానాకాలం అదే ఇంటి గుమ్మంలోకి నీళ్లు తెస్తుంది. శిథిలాలు తీసుకుపోవడానికి జీహెచ్‌ఎంసీకి ఫోన్ చేయండి, దాని ఖర్చును ఇంటి అంచనాలో ముందే రాసుకోండి.

4. నీడ: పదో వంతు మాట

2020 అక్టోబరులో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించి బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని పెట్టారు. అదే సవరణలో ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని, ఒక్కోదానిలో 25 మంది ఉండాలని చెప్పారు. అంటే వార్డుకు వంద మంది. మీ వార్డులో ఆ వంద మంది ఎవరు? పచ్చదనం డబ్బులో మీ బస్తీకి వచ్చింది ఎంత? ఈ రెండు ప్రశ్నలు ఏ కార్పొరేటర్‌నైనా, ఏ అధికారినైనా మీరు మర్యాదగా అడగవచ్చు.

నలభై గజాల ఇంట్లో చెట్టుకు చోటు ఉండదు, ఇంకుడు గుంతకూ ఉండదు. ఒప్పుకుందాం. కానీ బడి ఆవరణ, పార్కు, మసీదు, గుడి, కమ్యూనిటీ హాలు ఖాళీ స్థలాల్లో ఉంటుంది. గల్లీ మొత్తానికి ఒక గుంత, పది చెట్లు అడగండి.

ఇంటి లోపల చేయగలిగింది ఒకటుంది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు, మేలు మాత్రం చిన్న ఇంటికే ఎక్కువ. స్లాబు మీద తెల్ల సున్నమో, వేడిని వెనక్కి కొట్టే రంగో వేస్తే ఎండను స్లాబు పీల్చుకోదు, గది చల్లగా ఉంటుంది. ఫ్యాను, కూలర్ వాడకం తగ్గితే గృహజ్యోతి కింద ఉచితంగా వచ్చే 200 యూనిట్ల లోపే నెల గడుస్తుంది. పరిమితి దాటితే ఆ నెల బిల్లు మీదే.

5. అర్జీ ఇలా రాయండి

నోటి మాట గాలికి పోతుంది. రాసి ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష, ఉర్దూలో రాసినా చెల్లుతుంది.

"గౌరవనీయులైన కార్పొరేటర్ / వార్డు అధికారి గారికి, మేము ____ గల్లీ వాసులం. (1) నా ఇందిరమ్మ దరఖాస్తు నంబరు ____. ఇది ఏ జాబితాలో ఉంది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగిందో తెలుపగలరు. (2) మా గల్లీ నాలా ____ నెల నుంచి పూడి ఉంది. ఫిర్యాదు నంబరు ____. వానాకాలానికి ముందు తీయించే తేదీ చెప్పగలరు. (3) పచ్చదనం నిధుల నుంచి మా బస్తీలో ____ స్థలంలో చెట్లు, ఇంకుడు గుంత ప్రతిపాదించగలరు. సంతకాలు: ____"

పది ఇళ్ల సంతకాలు ఉంటే ఒక్కరి అర్జీ కంటే బరువుంటుంది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ ముద్ర వేసిన కాపీతో సోమవారం ప్రజావాణికి రండి. "అప్పుడెప్పుడో చెప్పినం" అనడం కంటే ఆ కాగితం చూపిస్తే పని తొందరగా కదులుతుంది.

ఈ రోజే చేయాల్సినవి
• మీ దరఖాస్తు నంబరు, క్యాన్ నంబరు, వార్డు పేరు ఒకే కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టుకోండి.
• ఇంటి కాగితాలను ప్లాస్టిక్ కవర్లో, నేలకు ఎత్తుగా పెట్టండి. 2020లో చాలామంది పోగొట్టుకున్నవి అవే.
• నాలా ఫొటో వాన రాకముందే తీయండి. నీళ్లు నిలిచాక లోపల ఉన్న చెత్త కనపడదు.